నవలలో లేని కుక్కలు పోస్టర్‌లోకి ఎలా వచ్చాయి?

అడిగిన ప్రశ్న ఇది: "1800ల నాటి అమెరికా నాటకాల రంగుల పోస్టర్లు చూస్తుంటే కళ్లు చెదురుతున్నాయి. వాటిలో వేసినవన్నీ నిజంగా స్టేజీ మీద చూపించేవారా, లేక ఉత్త ఆర్భాటమా?"

చాలావరకు చూపించేవారండీ. కాకపోతే మనం అనుకునే వరస తిరగేయాలి. నాటకం ఆడారు, బాగుంది, దాని బొమ్మ గీసి గోడకెక్కించారు అనుకుంటాం. నన్నడిగితే సగం వ్యవహారం అటునుంచి ఇటు నడిచింది. బొమ్మ ముందే గోడలెక్కేసింది, జనం టికెట్లు కొనేశారు, ఇక ఆ సీను చూపించకపోతే కుర్చీలు విరుగుతాయి.

నేను ఉండేది కెంటకీ వైపు, ఉద్యోగం నది అవతల సిన్సినాటిలో. టామ్ అనే నల్ల బానిస కథ చెప్పే నవల 'అంకుల్ టామ్స్ క్యాబిన్'లో, పారిపోతున్న బానిస తల్లి ఎలైజా బిడ్డనెత్తుకుని మంచుపలకల మీద గెంతుతూ దాటేది ఈ ఒహాయో నదినే. రాసిన హ్యారియట్ బీచర్ స్టో 1832 నుంచి 1850 దాకా సిన్సినాటిలోనే కాపురముంది. నవలలో ఆ ఘట్టం తీసి చదవండి. బానిసల వ్యాపారి హేలీ తరుముకొస్తాడు. వెంటపడే కుక్క ఒక్కటి కూడా లేదు.

పుస్తకం 1852లో వచ్చింది. అదే ఏడు ట్రాయ్ పట్టణంలో జార్జ్ ఐకెన్ రాసిన నాటకం ఆడారు, 1853కల్లా అది న్యూయార్క్ చేరింది. అందులో స్టోకి దక్కింది సున్నా. నవలను నాటకం చేసుకునే హక్కు రచయితదేనని అమెరికా చట్టం ఒప్పుకున్నది 1870లో. కథ కొట్టేశారని మన దగ్గర గోల పెట్టేవాళ్లు ఒకసారి ఈవిడను తలుచుకోవాలి.

కుక్కలు దిగింది 1870ల చివర్లో. అప్పట్నుంచి టామ్ నాటకం పోస్టర్ ఏది చూసినా ఎలైజా మడమల దగ్గర కోరలే. పోస్టర్ మీద బ్లడ్‌హౌండ్లని, అంటే వాసన పట్టి వెతికే వేటకుక్కలని రాసేవారు, స్టేజీ మీదికి మాత్రం చాలాసార్లు గ్రేట్ డేన్లనీ మాస్టిఫ్‌లనీ, భారీ జాతి కుక్కల్ని, తోలుకొచ్చేవారు. అసలు బ్లడ్‌హౌండ్‌కి చెవులు వేలాడుతుంటాయి, మొహం ఎప్పుడూ దిగులుగా ఉంటుంది. దాన్ని చూసి ఎవడు జడుసుకుంటాడు? బొమ్మకు తగ్గ కుక్కను వెతికి తెచ్చుకున్నారన్నమాట.

దీని వెనక వ్యాపారం కూడా ఉంది. చిన్న కంపెనీలకు సొంతంగా బొమ్మ గీయించుకునే తాహతు లేదు. ప్రెస్సులు పేరున్న నాటకాలకు రెడీమేడ్ పోస్టర్లు అచ్చేసి పెట్టేవి. అవి కొనుక్కుని, తమ కంపెనీ పేరు, ఆడే తేదీ ఉన్న కాగితపు పట్టీ కింద అంటించుకోవడమే. కంపెనీ కంటే ముందే ఒక మనిషి రైల్లో ఊరికి చేరి గోడలు మాట్లాడుకునేవాడు. జిగురు మాత్రం మన సినిమా పోస్టర్లలాగే పిండి ఉడకబెట్టిందే. కొన్న పోస్టర్‌లో కుక్కలుంటే, ఆడేవాడు కుక్కల్ని మేపాల్సిందే కదా! 1890 నాటి 'బ్లూ జీన్స్' నాటకంలో హీరోని కట్టేసి తిరిగే రంపం వైపు పంపే సీను, 1899లో 'బెన్‌హర్' కోసం స్టేజీ మీద కదిలే పట్టాలపై నిజం గుర్రాల్ని పరిగెత్తించడం, ఇవన్నీ ముందు పోస్టర్‌గా ఊహించుకుని తర్వాత నాటకంగా కుట్టినవేనని నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే వాదనకు సిద్ధం.

ఇంత నమ్మకంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ అచ్చు పని నా చేతులతో చేశాను. సిన్సినాటిలో సాయంత్రం పూట రాతి లితోగ్రఫీ, అంటే రాయి మీద బొమ్మ గీసి కాగితం మీద అచ్చు తీసే పని, నేర్పే క్లాసులో చేరాను. రాయి అంటే బవేరియా సున్నపురాయి. చిన్నదాన్ని ఎత్తడానికి కూడా ఇద్దరం పట్టాల్సి వచ్చింది. దాని మీద నల్లటి కార్బోరండం పొడి చల్లి, నీళ్లు పోసి, పైన ఇంకో రాయి పెట్టి ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దాలి. బూడిదరంగు బురద మోచేతుల దాకా కారుతుంది. బాగా అరిగాక రెండు రాళ్లూ ఒకదాన్నొకటి పట్టుకుని కదలనని మొరాయిస్తాయి. అప్పుడు కడిగి, మళ్లీ పొడి చల్లి, మళ్లీ మొదలు.

తర్వాత కొవ్వు కలిసిన క్రేయాన్‌తో అద్దంలో కనిపించినట్టు తిరగేసి గీయాలి. నేను 'హరిశ్చంద్ర' అని ఒక నాటకం పోస్టర్ పెట్టుకున్నాను. కాటికాపరి బొమ్మ తేలిగ్గానే వచ్చింది. 'శ్చం' అన్న ఒక్క అక్షరాన్ని కుడిఎడమలు తారుమారు చేసి రాసేసరికి చెమటలు పట్టాయి. నేర్పే పెద్దాయన వంగి చూసి, "ఈ లతలు చాలా బాగున్నాయి" అన్నాడు. పైగా రాయిని చేత్తో తాకకూడదు. వేలి జిడ్డు అంటినా సిరా పట్టేస్తుంది. పక్క బల్ల మీదావిడ నక్క బొమ్మ అచ్చు తీస్తే, ఆకాశంలో చంద్రుడికి బదులు ఎవరిదో బొటనవేలి ముద్ర పడింది.

బంక, నైట్రిక్ యాసిడ్ చుక్కలు, టర్పెంటైన్, తడి స్పాంజి, సిరా రోలరు, ఇదంతా ఒక్క రంగుకి. రంగు మారితే ఇంకో రాయి. ఇదే ఊళ్లోని స్ట్రోబ్రిడ్జ్ లితోగ్రాఫింగ్ కంపెనీ ఇలాంటి రాళ్లతోనే దేశం మొత్తానికి పోస్టర్లు పంపింది. ఒక షీటంటే 28 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల ఎత్తు. గోడ నిండాలంటే అలాంటి షీట్లు పక్కపక్కన అతికించాలి. ఆర్డరు అయిపోయాక రాయిని మళ్లీ రుద్దేస్తారు, మా క్లాసులో చేసినట్టే. మొన్నటి ఎలైజా మీద ఇవాళ్టి ఇంద్రజాలికుడు. అంటించినవి వానకు పోయాయి. అందుకే లక్షల్లో అచ్చయినా మిగిలినవి కొన్నే.

నా ఒళ్లు మండేది ఇక్కడ. ఆ పోస్టర్ల మూలన ప్రెస్సు పేరు, సిన్సినాటి, న్యూయార్క్ అని ఊళ్ల పేర్లు చక్కగా ఉంటాయి. గీసినవాడి పేరు చాలావాటిలో ఉండదు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మాట్ మోర్గాన్ లాంటి ఒకరిద్దరిని వదిలేస్తే, మిగతావాళ్లు ఎవరో! మ్యూజియంలో కింద చీటీ మీద నటుడి పేరుంటుంది, నిర్మాత పేరుంటుంది, చిత్రకారుడి దగ్గర "తెలియదు".

ఇంకొకటి. బార్లలో అలంకారానికి పెట్టుకునే 'వింటేజ్' పోస్టర్లు ఏరికోరి పెట్టినవి. టామ్ నాటకాల్లో నల్లవాళ్ల పాత్రలు ఎక్కువగా వేసింది మొహానికి కాల్చిన బెరడు మసి పూసుకున్న తెల్లవాళ్లే. శామ్ లూకస్ అనే నల్లజాతి నటుడు టామ్‌గా స్టేజీ ఎక్కింది 1878లో, అంటే నాటకం పుట్టిన పాతికేళ్ల తర్వాత. నల్లవాళ్లను వెక్కిరించే ఆ కాలపు వెకిలి బొమ్మలు కూడా ఇవే ప్రెస్సుల్లో, ఇంతే అందంగా అచ్చయ్యాయి.

మీరు కొనాలనుకుంటుంటే మాత్రం తొందరపడకండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో పెద్ద సైజు స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. 'ఒరిజినల్' అని ఎవరైనా అమ్మితే భూతద్దం పెట్టి చూడండి. చుక్కలు వరసగా, పువ్వుల్లా పేర్చినట్టుంటే అది ఆఫ్‌సెట్ అనే తర్వాతి కాలపు యంత్రంలో తీసిన కాపీ. రాతి అచ్చులో క్రేయాన్ గరుకు కనిపిస్తుంది, మచ్చలు ఒక క్రమంలో ఉండవు.