సాలుంఖే గారి గులాబీ రంగు

ప్రశ్న: మాస్టారూ, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి హిందీ ‘సీఐడీ’ సీరియల్ పిచ్చి. అందులో ల్యాబ్ డాక్టర్ సాలుంఖే మరక మీద రెండు చుక్కలు వేయగానే రంగు మారి హంతకుడు దొరికిపోతాడు. తనూ అలా అవుతానంటున్నాడు. నిజంగా అంత తొందరగా తేలుతుందా?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: రంగు మారడం వరకూ నిజమేనమ్మా. వచ్చే ఏడాది మీవాడు బడిలో చూసే, ఆమ్లమా క్షారమా రంగుతో చెప్పే ఫినాఫ్తలీన్‌నే కాస్త మార్చి మరకల మీద వాడతారు. అదొక చుక్క, పైన హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క. రక్తమైతే క్షణాల్లో గులాబీ రంగు. సీరియల్ అక్కడితో ఆగుతుంది, అసలు తంటా అక్కడే మొదలు. మేక రక్తానికీ అదే గులాబీ. ఆదివారం మటన్ కొట్టు దగ్గర నిలబడ్డవాడి చెప్పులు పరీక్షిస్తే వాడూ హంతకుడే! బంగాళాదుంప రసం కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. అందుకే ల్యాబ్ వాళ్లు ‘రక్తం కావచ్చు’ అని మాత్రమే రాసుకుంటారు. మనిషిదా, ఏ మనిషిది అన్నది వేరే పరీక్షల పని. డీఎన్‌ఏ అయితే మరకలోంచి విడదీయాలి, కొలవాలి, పీసీఆర్ అనే పద్ధతిలో దాని నకళ్లు పెంచాలి, ఆపైన పోల్చాలి. టీ తాగి వచ్చేలోగా అయ్యేది కాదు.

పైగా 1998లో మొదలైన ఆ సీరియల్లో శవపరీక్ష, విషాలు, డీఎన్‌ఏ అన్నీ ఆయనొక్కరే చూస్తారు. నేను పనిచేసిన బరంపురం కాలేజీలో కెమిస్ట్రీ వాళ్లు బోటనీ గది గడప తొక్కేవారు కాదు.

టీవీకి ముదురు రంగు కావాలి. మా కెమిస్ట్రీ వాళ్లకది తప్పు. డిగ్రీ మొదటేడు ప్రాక్టికల్స్‌లో, ఫినాఫ్తలీన్ కలిపిన ఆమ్లంలోకి క్షారాన్ని చుక్కచుక్కగా వదులుతుంటే, నా చేతిలో బ్యూరెట్ (కొలత గీతల గాజు గొట్టం) ఒక్క చుక్క ఎక్కువ వదిలింది. ఫ్లాస్కు బీట్‌రూట్ రసంలా మెరిసింది, నేను మురిసిపోయాను. సారు మాట్లాడకుండా సింకులో పారబోశారు. తెల్ల కాగితం మీద పెడితే ఉందా లేదా అన్నంత లేత గులాబీ రావాలి. అదీ వరసగా రెండుసార్లు ఒకే రీడింగు రావాలి. ఆ రోజు నాకు ఏడుసార్లు పట్టింది.

సీరియల్ మాన్పించకండి. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సబ్బునీళ్లు, సున్నపు తేట, బట్టల సోడా నీళ్లు వాడు చూడకుండా తలా చుక్క వేయండి. మూడూ ఎర్రబడతాయి. ఏది ఏదో చెప్పమనండి. సబ్బును వాసనతో పట్టేస్తే కోప్పడకండి, అది రెండో పరీక్ష.