విజిల్ చేతిలో ఉంచుకో

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే "ఏం పర్లేదమ్మా, పడుకో" అని పెట్టేశాను. తర్వాత నాకే నిద్ర పట్టలేదు. అలా అనేస్తే సరిపోయే విషయం కాదది. నువ్వు సరదాకి విజిల్ పట్టుకోలేదు, హాకీ అంపైర్‌గా నిలబడాలనుకుంటున్నావు. అందుకే పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మూడో క్వార్టర్, స్కోరు 1-1. డీలో, అంటే గోల్ ముందు అర్ధచంద్రంలా గీసిన చోట, డిఫెండర్ కాలికి బంతి తగిలింది. వెంటనే విజిల్ ఊదావు. ఆ బంతి పక్కనే ఉన్న ఫార్వర్డ్‌కి దొరికింది, అతను కొట్టేశాడు, గోల్ బోర్డు టప్పున మోగింది. వాళ్లు గోల్ అని ఎగిరారు. నువ్వు కాదని పెనాల్టీ కార్నర్ (గోల్ పక్క గీత మీంచి బంతి తోసి దాడి మొదలుపెట్టే అవకాశం) చూపించావు. అది వృథా అయింది, చివరికి వాళ్లే 2-1తో ఓడిపోయారు. మ్యాచ్ అయ్యాక వాళ్ల కోచ్ అందరి ముందూ "ఆడపిల్ల చేతికి విజిల్ ఇస్తే ఇలాగే ఉంటుంది" అన్నాడు.

ఆ మాట సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆట సంగతి.

విజిల్ మోగాక ఆట ఆగినట్టే. ఆ తర్వాత బంతి ఎక్కడికి వెళ్లినా లెక్కలోకి రాదు. విజిల్ విని కీపర్ అడ్డుకోవడం మానేసి ఉండొచ్చు కదా. అరుపులకి బెదిరి గోల్ ఇచ్చేసి ఉంటే అవతలి జట్టుకి అన్యాయం చేసినదానివయ్యేదానివి. అంత గోలలోనూ నీ నిర్ణయం మీద నిలబడ్డావు. మొదటి మ్యాచ్‌లోనే ఆ పని చేయగలిగినవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు. నీ పొరపాటు అక్కడ లేదు. దానికి అర సెకను ముందుంది.

మీ అమ్మ పంపిన ఫోటో చూశాను. మ్యాచ్ నడుస్తుంటే విజిల్ నీ నోట్లో ఉంది. పళ్ల మధ్య పట్టుకుని పరిగెడుతున్నావు. అలా ఉంటే కన్ను చూడగానే ఊపిరి బయటికి వచ్చేస్తుంది, ఆలోచించే వ్యవధి ఉండదు. విజిల్‌ని చేతిలో ఉంచుకో, తాడు వేలికి చుట్టుకో. చెయ్యి నోటి దాకా రావడానికి అర సెకను పడుతుంది. బంతి ఎవరికి వెళ్లిందో, ఎవరికి లాభమో చూడటానికి ఆ అర సెకను చాలు. నేను నేర్చుకున్నదాంట్లో నీకు ఒక్కటే ఇవ్వాలంటే ఇదే ఇస్తాను.

కాలికి బంతి తగిలిన ప్రతిసారీ ఫౌల్ కాదు. దానివల్ల ఆ ఆటగాడికో అతని జట్టుకో లాభం వచ్చినప్పుడు, లేదా కావాలని కాలు అడ్డం పెట్టినప్పుడు మాత్రమే ఫౌల్. బయట కూర్చున్నవాళ్లు "ఫుట్! ఫుట్!" అని అరుస్తారు, ఆడేవాళ్లు కూడా చెయ్యెత్తి అడుగుతారు. వాళ్లు అడగడం తప్పు కాదు, నువ్వు ఊదడం మాత్రం నీ ఇష్టం. డీలో అయితే ఇంకా ఓపిక పట్టాలి. అక్కడ ఫార్వర్డ్ స్టిక్ మీద ఉన్న బంతి పెనాల్టీ కార్నర్ కంటే విలువైనది. కార్నర్లు ఎన్ని వృథా అవుతాయో నువ్వూ ఆడినదానివే, తెలుసు.

ఇంకో సంగతి గుర్తుంచుకో. ఆగి చూడటం వేరు, అడ్వాంటేజ్ ఇచ్చేయడం, అంటే తప్పు జరిగినా ఎదుటి జట్టుకి లాభమని ఆట సాగనివ్వడం వేరు. ఒక సెకను ఆగి చూశావు, లాభం రాలేదు, అప్పుడు విజిల్ ఊదితే ఎవరూ తప్పు పట్టరు. కానీ అడ్వాంటేజ్ అని చెయ్యి చాపేశాక, ఫార్వర్డ్ తీరిగ్గా షాట్ కొట్టి బయటికి పంపేస్తే, మళ్లీ వెనక్కి వచ్చి కార్నర్ ఇవ్వకు. ఒకే తప్పుకి రెండు అవకాశాలు ఇచ్చినట్టవుతుంది.

ఇక కాళ్ల సంగతి. 2023లో కాకినాడలో సీనియర్ మహిళల జాతీయ పోటీలు జరిగినప్పుడు వెళ్లాను. అందరూ బంతిని చూస్తుంటే నేను అంపైర్లని చూస్తూ కూర్చున్నాను. బాగా చేసేవాళ్లు బంతి వెనకాల పరిగెత్తరు, అది రాబోయే చోటికి ముందే వెళ్లి ఉంటారు. నీ సైడ్‌లైన్ మీద నిలబడి గ్రౌండ్ వైపు చూస్తే నీ కుడిచేతి వైపు గోల్ నీది. దాడి 23 మీటర్ల గీత దాటిందంటే నువ్వు సైడ్‌లైన్ వదిలి లోపలికి రావాలి. డీ అంచు దాకా రా, అవసరమైతే లోపలికీ అడుగు పెట్టు. 40 మీటర్ల దూరం నుంచి ఊదితే సరైన నిర్ణయానికైనా నలుగురు ఎదురు తిరుగుతారు. 10 మీటర్ల దగ్గర నిలబడి ఊదితే తప్పు నిర్ణయాన్నైనా ఒప్పుకుంటారు. ఆటగాడు ముందు చూసేది నువ్వు ఎక్కడున్నావనే.

దీనికి నేను పడ్డ దెబ్బ చెబుతాను. మీ నాన్నకి కూడా ఇది పూర్తిగా తెలియదు. చాలా ఏళ్ల కిందట, ఒక జిల్లా ఫైనల్. ఎదురుదాడి వస్తే నేను అలసిపోయి సగం గ్రౌండ్ దగ్గరే ఉండిపోయాను. డీ బయటి నుంచి బలంగా కొట్టారు, గుంపులోంచి బంతి గోల్లో పడింది. దాడి చేసేవాళ్ల స్టిక్ తగిలిందనుకుని గోల్ ఇచ్చాను. నిజానికి తగిలింది డిఫెండర్ స్టిక్. దాడి చేసే జట్టువాళ్లు డీ లోపల బంతిని తాకితేనే గోల్ అని నేనే పిల్లలకి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. అవతలి అంపైర్ సగం గీత దగ్గర నిలబడి నా వైపే చూస్తూ కాదని తల ఊపుతున్నాడట. నేను అతని వైపు చూడనే లేదు. నేరుగా సెంటర్ చూపించేశాను. ఓడిన జట్టులో ఒక కుర్రాడు ఏమీ అనలేదు, నా దగ్గరికి వచ్చి "సార్, మా వాడి స్టిక్కే సార్" అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

అందుకే, గోల్ ఇచ్చే ముందు నీ జోడీ అంపైర్ వైపు ఒక్కసారి చూడు. ప్రతిసారీ. సందేహం లేకపోయినా చూడు. పెద్ద పోటీల్లో వాళ్ల చెవుల్లో రేడియోలు ఉంటాయి, రీప్లే చూసి చెప్పే వీడియో అంపైర్ ఉంటాడు. మనకి ఉన్నవి ఆ రెండు కళ్లే. మ్యాచ్‌కి ముందే ఇద్దరూ కూర్చుని ఏ సైగకి ఏ అర్థమో అనుకోండి. చూడని విషయాన్ని చూసినట్టు నటించకు. సమయం ఆపి, అడిగి, నిర్ణయం మార్చుకుంటే నీ పరువేం పోదు. ఆట మళ్లీ మొదలుపెట్టేశాక మాత్రం మార్చడానికి వీల్లేదు. అడగాల్సింది ఆ లోపలే.

పెనాల్టీ కార్నర్ దగ్గర తొందర పడకు. మన స్కూల్ మ్యాచ్‌ల్లో గొడవలు ఎక్కువగా పుట్టేది అక్కడే. కీపర్‌తో కలిపి ఐదుగురే గీత వెనక ఉన్నారా, మిగిలినవాళ్లు సగం గీత అవతలికి వెళ్లారా, బంతి గోల్ పోస్టుకి 10 మీటర్ల దూరంలో పెట్టారా, అన్నీ చూశాకే మొదలుపెట్టించు. బంతి తోసేవాడి ఒక పాదమైనా గ్రౌండ్ బయట ఉండాలి. తర్వాత నీ కన్ను ఒకే ప్రశ్న మీద ఉండాలి: బంతి డీ దాటి బయటికి వచ్చిందా? రాకుండా కొడితే గోల్ లేదు. మొదటి షాట్ హిట్ అయితే బోర్డు ఎత్తు, అంటే 46 సెంటీమీటర్లు మించకూడదు. ఫ్లిక్ అయితే, అంటే బంతిని స్టిక్‌తో ఎత్తి విసిరితే, ఎత్తు పట్టింపు లేదు, ప్రమాదకరంగా లేకపోతే చాలు. పరిగెత్తుకొచ్చే డిఫెండర్‌కి, కొట్టినచోటికి 5 మీటర్ల లోపల మోకాలి కింద తగిలితే మళ్లీ కార్నర్, మోకాలికి గానీ ఆ పైన గానీ తగిలితే డిఫెన్స్‌కి ఫ్రీ హిట్. ఇది అక్కడికక్కడ ఆలోచించి చెప్పేది కాదు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

మట్టి గ్రౌండ్‌లో ఇంకో జాగ్రత్త కావాలి. టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద నేల మీదుగా పోయే బంతి మన గ్రౌండ్లలో చిన్న రాయి తగిలి మొహం ఎత్తుకి లేస్తుంది. కొట్టినవాడి తప్పు లేకపోయినా ఎదుట పిల్లవాడికి దెబ్బ తగలొచ్చు. పిల్లల మ్యాచ్ అయితే నేను ఇక్కడ మాత్రం ఓపిక పట్టను. ప్రమాదం అనిపిస్తే వెంటనే ఊదేస్తాను. అడ్వాంటేజ్ పోయినా ఫర్వాలేదు. సున్నంతో గీసిన డీని కూడా మ్యాచ్‌కి ముందు తాడుతో ఒకసారి కొలిపించు, 14.63 మీటర్లు ఉండాలి. నెట్‌లో చిరుగులుంటే కట్టించు. చిరుగులోంచి బయటికి వెళ్లిన బంతి గురించి అరగంట వాదించుకున్న మ్యాచ్‌లు నేను చూశాను.

కార్డులు. గ్రీన్ అంటే 2 నిమిషాలు బయట, పసుపు అంటే కనీసం 5, ఎరుపు అంటే ఇక మ్యాచ్‌లో లేనట్టే. నిన్న నువ్వు ఒక్క కార్డు కూడా చూపించలేదన్నావు, అది మంచితనం అనుకున్నావు. ఫ్రీ హిట్ దగ్గర ఒక కుర్రాడు మూడుసార్లు 5 మీటర్ల దూరం ఇవ్వకుండా నిలబడితే, నాలుగోసారి అవతలివాడు బంతితో అతన్నే కొడతాడు. మొదటిసారి విజిల్‌ని కాస్త గట్టిగా ఊది చేత్తో వెనక్కి వెళ్లమను. రెండోసారి కెప్టెన్‌ని పిలిచి నెమ్మదిగా చెప్పు. మూడోసారి గ్రీన్. అది మొదటి క్వార్టర్లోనే జరిగితే నాలుగో క్వార్టర్లో నీకు పసుపు తీయాల్సిన పని ఉండదు. కార్డు చూపించేటప్పుడు కోపం నీ ముఖంలో కనిపించకూడదు. చూపించి, ఒక్క మాటలో కారణం చెప్పి, పక్కకి వచ్చెయ్. ఉపన్యాసం వద్దు.

2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌తో క్వార్టర్‌ఫైనల్ మనం కలిసి చూశాం, గుర్తుందా? 17వ నిమిషంలో మన డిఫెండర్ అమిత్ రోహిదాస్ స్టిక్ ఎదుటి ఆటగాడి మొహానికి తగిలింది, వీడియో చూశాక రెడ్ కార్డ్ ఇచ్చారు. నువ్వు టీవీ మీద కేకలు వేశావు. నా మనసులో నేనైతే పసుపు దగ్గరే ఆగేవాణ్ణి, అందులో కావాలని కొట్టింది నాకు కనిపించలేదు. కానీ ఆ తర్వాత మనవాళ్లు చేసింది చూడు. 10 మందితో 40 నిమిషాల పైనే ఆడి, 1-1 నిలబెట్టి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. వాళ్లు ఆ కోపాన్ని అంపైర్ల మీదికి తీసుకెళ్లి ఉంటే ఆ గెలుపు ఉండేది కాదు. నువ్వు కార్డు ఇచ్చాక ఎదుటివాళ్లు ఆటలోకి త్వరగా తిరిగి వెళ్లేలా చూడటం కూడా నీ పనే. ఆలస్యం చేయకుండా ఆట మొదలుపెట్టించు. బంతి కదిలితే నోళ్లు మూతపడతాయి.

సమయం, స్కోరు చూసుకునేవాళ్లు కూర్చునే టెక్నికల్ టేబుల్ వైపు చూడకుండా ఎప్పుడూ ఏదీ మొదలుపెట్టకు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల సెమీఫైనల్లో మన అమ్మాయిలకీ ఆస్ట్రేలియాకీ షూటౌట్ వచ్చింది. ఆస్ట్రేలియా మొదటి ప్రయత్నాన్ని మన కీపర్ సవిత ఆపేసింది. ఒక్కో ప్రయత్నానికి ఉండే 8 సెకన్ల గడియారం మొదలవలేదని చెప్పి మళ్లీ చేయించారు, ఈసారి గోల్ అయింది. మనవాళ్లు ఆ షూటౌట్ 3-0తో ఓడిపోయారు. తర్వాత అంతర్జాతీయ సమాఖ్య క్షమాపణ చెప్పింది, కానీ ఆ పిల్లల ఫైనల్ తిరిగి రాలేదు. మన జిల్లా మ్యాచ్‌లో గడియారం పట్టుకునేది ఏదో స్కూల్ పీఈటీ, పక్కవాళ్లతో మాట్లాడుతూ ఉంటాడు. అతని బొటనవేలు పైకి లేచేదాకా నీ విజిల్ మోగకూడదు. నీ చేతికీ ఒక వాచీ ఉండాలి. గోల్ పడగానే నిమిషం, నంబరు చిన్న కార్డు మీద రాసుకో.

ఇప్పుడు ఆ కోచ్ మాట. అది విని నువ్వు తల దించుకుని వెళ్లిపోయానన్నావు. తల దించుకోవాల్సింది నువ్వు కాదు తల్లీ. నీ నిర్ణయం గురించి అడిగితే జవాబు చెప్పొచ్చు, "ముందే ఊదేశాను, అందుకే గోల్ ఇవ్వలేకపోయాను" అని ఒప్పుకోవచ్చు. నువ్వు ఆడపిల్లవన్న మాట మాత్రం ఆటకి సంబంధించింది కాదు, దానికి జవాబు ఉండదు, ఫిర్యాదు ఉంటుంది. ఈ రోజే టోర్నమెంట్ డైరెక్టర్‌కి కాగితం మీద రాసి ఇవ్వు. ఏ మ్యాచ్, ఏ సమయం, ఎవరు విన్నారు, ఏ మాట అన్నారు, అంతే రాయి. నీ బాధ రాయొద్దు, జరిగింది రాయి. మీ నాన్న "ఎందుకులే" అంటాడు. నేను మాట్లాడతాను వాడితో. అప్పటి చిత్తూరు జిల్లా పల్లె నుంచి రజని భారత జట్టు గోల్‌కీపర్ దాకా వెళ్లింది, అలాంటి పిల్లలు రేపు నువ్వు ఊదే మ్యాచ్‌ల్లోనే ఆడతారు. నువ్వు ఊరుకుంటే ఆ మాట వాళ్ల దాకా వెళ్తుంది.

ఆదివారం నీ రెండో మ్యాచ్ అన్నావు కదా. గంట ముందే వెళ్లు, నీ జోడీ అంపైర్‌తో టీ తాగు, గ్రౌండ్ చుట్టూ ఒకసారి నడువు. నేను వస్తాను. నీకు కనిపించకుండా నీ గోల్ వెనకాల చెట్టు కింద కూర్చుంటాను. మ్యాచ్ అయ్యేదాకా పలకరించను. నీ చేతినీ విజిల్‌నీ మాత్రం చూస్తూ ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న