పీ0544 కోడ్ వస్తే ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత సెన్సర్ మార్చాల్సిందేనా?

డీజిల్ కారులో ఈ కోడ్ (కారు కంప్యూటర్ నమోదు చేసే లోప సంకేతం) కనిపించగానే సెన్సర్ కొనకండి. ఇది సర్క్యూట్‌లో లోపముందని చెబుతుందే తప్ప సెన్సరే పోయిందని కాదు.

రాత్రంతా ఆగిన బండిలో ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కోడ్‌లు చదివే స్కానర్‌లో ఉష్ణోగ్రతలు చూడండి. ఎగ్జాస్ట్ సెన్సర్లన్నీ దాదాపు బయటి గాలి ఉష్ణోగ్రతనే చూపాలి. ఒక్కటి వందల డిగ్రీలు చూపితే లోపం ఆ సెన్సర్‌లోనో దాని వైరులోనో ఉంది. నేను ఎక్కువగా నమ్మే పరీక్ష ఇదే.

తరువాత సెన్సర్ కనెక్టర్ విప్పి మల్టీమీటర్‌తో నిరోధం కొలవండి. పీటీ200 (ప్లాటినం) రకం సెన్సర్ అయితే 25 డిగ్రీల వద్ద సుమారు 220 ఓమ్‌లు ఉండాలి, వేడెక్కేకొద్దీ పెరగాలి. కొన్ని రకాల్లో తగ్గుతుంది కనుక సర్వీస్ మాన్యువల్ తప్పనిసరి. కొలత సరిగ్గా ఉంటే, వేడి గొట్టానికి తగిలి కాలిన వైరు కోసం వెతకండి.

ఆలస్యం మాత్రం వద్దు. ఈ రీడింగ్ లేకపోతే చాలా బండ్లలో ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్)లో చేరిన మసిని కాల్చే ప్రక్రియ ఆగిపోతుంది.