చిన్నీకి, డెమో క్లాస్‌కి ముందు

చిన్నీ,

దిల్‌సుఖ్‌నగర్‌లో లెక్చరర్ పోస్టుకి డెమో క్లాస్ అనీ, టాపిక్ నీటి అణువు మాలిక్యులర్ ఆర్బిటాల్ డయాగ్రమ్ (అణువంతటా పరుచుకున్న ఎలక్ట్రాన్ల శక్తి మెట్ల బొమ్మ) అనీ మీ అమ్మ పొద్దున ఫోన్లో చెప్పింది. ఎంత పొంగిపోయానో, ఫోన్ పెట్టగానే అంత టెన్షన్ పట్టుకుంది. నీ స్పీడు నాకు తెలుసు కదా.

చాక్‌పీస్ పట్టుకోగానే ఆక్సిజన్ 2ఎస్, 2పి గీతలు లాగెయ్యకు. ముందు అక్షాలు వేసి, అణువు వైజెడ్ తలంలో ఉందని పైకి చెప్పు. ఎక్స్‌జెడ్ అనుకున్నవాళ్లకి ఆర్బిటాళ్లకి సౌష్ఠవాన్ని బట్టి పెట్టే బి1, బి2 పేర్లు తారుమారవుతాయి, ఇక ప్యానెల్‌తో వాదన మొదలు. హైడ్రోజన్లని విడిగా కాదు, జంటగా తీసుకో: కూడిక ఎ1, తీసివేత బి2. ఎనిమిది ఎలక్ట్రాన్లు నింపడం నీకు నేను చెప్పాలా.

నా భయమంతా ఆ కుందేలు చెవుల గురించే, అదే, ఆక్సిజన్ మీద బంధంలో లేని రెండు ఎలక్ట్రాన్ జంటల్ని (లోన్ పెయిర్లని) ఒకేలా గీసే బొమ్మ. నా దగ్గర చదివిన ఓ పిల్లాడు ఇంటర్లో నేర్చుకున్న ఎస్‌పి3 బొమ్మని, అంటే నాలుగూ ఒకేలాంటి ఆర్బిటాళ్లనే బొమ్మని, పీజీ అయినా వదల్లేదు. ఒక ఇంటర్వ్యూలో డయాగ్రమ్ చక్కగా గీసి, పక్కనే ఆక్సిజన్ నెత్తిన ఒకేలాంటి రెండు లోన్ పెయిర్లు కూడా పెట్టాడట. "రెండూ ఒకటే అయితే ఎలక్ట్రాన్లని ఊడగొట్టి శక్తి కొలిచే ఫోటోఎలక్ట్రాన్ స్పెక్ట్రమ్‌లో 12.6 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒకటి, 14.7 దగ్గర ఇంకొకటి ఎందుకొచ్చాయి బాబూ?" అని అడిగితే నోరు పెగల్లేదు. సాయంత్రం నల్లకుంటలో మా ఇంటికొచ్చి కూలబడ్డాడు, ఇచ్చిన టీ మీద మీగడ కట్టేసింది. పాత ప్రశ్నపత్రం వెనక గీసి చూపించాను. తలానికి లంబంగా ఉన్న పిఎక్స్‌కి హైడ్రోజన్ల వైపు జోడీయే లేదు, అది 1బి1, నిండినవాటిలో శక్తిలో అన్నిటికంటే పైన. రెండోది 3ఎ1, అందులో హైడ్రోజన్లకీ కొంత వాటా ఉంది, అందుకే కిందికి దిగింది. అణువు తిన్నగా 180 డిగ్రీల్లో ఉంటే ఈ రెండూ ఒకే ఎత్తులో ఉండేవి, 104.5కి వంగేసరికి 3ఎ1 జారుతుంది, 1బి1 కదలదు. కోణంతో ఆర్బిటాళ్ల శక్తి ఎలా మారుతుందో రసాయన శాస్త్రవేత్త వాల్ష్ 1953లో గీసిన గీతలు చెప్పేది ఇదే. "నీరు ఎందుకు వంగింది?" అని నిన్నూ అడుగుతారు, లోన్ పెయిర్లు తోస్తాయి అని దాటేశావో, చూడు మరి!

ఆ రోజు ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకు, పెరుగన్నమైనా తిను. ప్లస్, మైనస్ లోబ్‌లకి రెండు రంగులు వాడు, రంగు చాక్‌పీసులు నా దగ్గర ఉన్నాయి. రేపు సాయంత్రం వచ్చి ఒకసారి గీసి చూపించు. మధ్యమధ్యలో ఆపి విసిగిస్తాను, కోప్పడకు తల్లీ.

పెద్దమ్మ