హాస్టల్లో చేరబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు హాస్టల్లో చేరబోతున్నావని, కొత్త ల్యాప్‌టాప్ కూడా వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇరవై రెండేళ్లపాటు ఒక విద్యాసంస్థ కంప్యూటర్ కేంద్రంలో హాస్టళ్ల నెట్‌వర్కు బాగోగులు చూసినవాణ్ని కాబట్టి, ఏ యాంటీవైరస్ మంచిదో నీకు ఒక ముక్క రాయమని అడిగింది. ఆ సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది: విండోస్‌తోపాటే వచ్చే డిఫెండర్‌ను ఆపకుండా ఉంచుకుంటే నీ అవసరానికి అది చాలు. అయితే నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఎక్కడో కూర్చున్న హ్యాకర్ల వల్ల వచ్చినవి కావు. పక్క మంచం మీది స్నేహితుడి వల్లనో, విద్యార్థి తొందరపాటు వల్లనో వచ్చినవే. అందుకే ఉత్తరం కాస్త పెద్దదవుతోంది.

ఇంట్లో వైఫైకి, క్యాంపస్ నెట్‌వర్కుకు ఉన్న తేడా నువ్వు ముందుగా తెలుసుకోవాలి. ఇంట్లో అందరూ ఒకే పాస్‌వర్డు వాడతారు. ఎవరు ఏం చూశారో ఎవరూ రాసి పెట్టరు. క్యాంపస్‌లో మాత్రం నువ్వు లాగిన్ అయిన క్షణం నుంచి, నీ ఖాతాతో ఏ పరికరం కలిసింది, దానికి ఏ ఐపీ చిరునామా (నెట్‌వర్కులో ఆ పరికరాన్ని గుర్తించే సంఖ్య) దక్కింది, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు అది నీ దగ్గర ఉంది అన్న వివరాలు సాధారణంగా నమోదవుతూ ఉంటాయి. బయటి నుంచి ఫిర్యాదు వస్తే అందులో ఉండేది ఒక ఐపీ చిరునామా, ఒక సమయం మాత్రమే. మేము ఆ రెండింటినీ పట్టికలో వెతికితే ఒక పేరు బయటపడేది. బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో కిటికీ ఈ నమోదును ఆపలేదు. అది నీ ల్యాప్‌టాప్‌లో చరిత్ర మిగలకుండా చేస్తుంది, అంతే.

ఒకసారి అలా బయటపడిన పేరు ఆఖరి సంవత్సరం కుర్రవాడిది. వాడి తప్పల్లా, డేటా అయిపోయిందని బతిమాలిన స్నేహితుడికి తన లాగిన్ ఇవ్వడమే. ఆ స్నేహితుడు రాత్రంతా టోరెంట్‌లో సినిమాలు దింపుకున్నాడు. టోరెంట్ సంగతి చాలామందికి సగమే తెలుసు: నీకు ఫైలు దిగుతూ ఉండగానే, దిగిన ముక్కలు నీ యంత్రం నుంచి ఇతరులకు పంపిణీ అవుతూ ఉంటాయి. కాబట్టి ఫిర్యాదు రాసిన సినిమా హక్కుదారుల దృష్టిలో నువ్వు పంచిపెట్టినవాడివి కూడా అవుతావు. పరీక్షల ముందు రెండు వారాలు ఆ కుర్రవాడు సంజాయిషీలు రాస్తూ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. స్నేహితుడు మాత్రం నోరు విప్పలేదు. ఎవరైనా నీ లాగిన్ అడిగితే, అవసరమైతే నీ ఫోను హాట్‌స్పాట్ ఇవ్వు, పాస్‌వర్డు మాత్రం ఇవ్వకు. మొహమాటం పడితే మామయ్య ఒట్టు పెట్టించుకున్నాడని చెప్పు.

ఇక పాస్‌వర్డు ఎలా ఉండాలంటే, పొడుగ్గా ఉండాలి. మూడు నెలలకోసారి మార్చాలన్న పాత నియమాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే పక్కన పెట్టింది. మార్చమని ఒత్తిడి చేస్తే జనం చివర ఉన్న ఒకటిని రెండు చేసి ఊరుకుంటారని మా అనుభవంలోనూ తేలింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తే గుర్తూ ఉంటుంది, ఊహించడమూ కష్టం. మిగతా ఖాతాలకు పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డులన్నీ భద్రంగా దాచిపెట్టే యాప్) వాడుకోవచ్చు గానీ, ఈమెయిలుకు పెట్టినది ఇంకెక్కడా పెట్టవద్దు. మిగిలిన ఖాతాలన్నిటికీ పాస్‌వర్డు మార్చుకునే లింకు ఆ పెట్టెలోకే వస్తుంది కదా. ఆ ఈమెయిలుకు రెండో తాళంగా ఆథెంటికేటర్ యాప్‌ను (లాగిన్‌కు కావలసిన, మారుతూ ఉండే అంకెలను ఫోన్లో చూపించేది) జోడించు. అప్పుడు వచ్చే రికవరీ కోడ్‌లను (ఫోను లేనప్పుడు ఖాతా తెరవడానికి పనికొచ్చేవి) కాగితం మీద రాసుకో.

మోసపు మెయిళ్ల గురించి నీకు అంతా తెలుసని అనుకుంటావు. కానీ అవి నువ్వు తీరికగా ఉన్నప్పుడు రావు. ఫీజు గడువు రోజునో, ఫలితాల ముందురోజునో, ‘మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది, 24 గంటల్లో ధ్రువీకరించకపోతే ఖాతా మూసివేస్తాం’ అంటూ కాలేజీ ముద్రతో సహా వస్తాయి. అప్పుడు చూడవలసింది ముద్రను కాదు, చిరునామాను. లింకుతో తెరుచుకునే పేజీకి పైన బ్రౌజర్‌లో కనిపించే చిరునామాలో సైటు పేరు తరవాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమ వైపుకు చదువు. గీతకు ఆనుకుని, చుక్కలతో విడిపోయి ఉన్న రెండు మూడు ముక్కల్లోనే అసలు యజమాని ఉంటాడు. మీ కాలేజీ పేరు వాటికి ఇంకా ఎడమన ఎక్కడో ఉంటే అది ఎవరైనా తగిలించగల బోర్డు మాత్రమే. తాళం గుర్తు ఉంది కదా అని ధైర్యపడకు. దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది, దారి చివర ఉన్నది దొంగో దొరో చెప్పదు.

గదిలో సిగ్నల్ సరిగా రాలేదని సొంత రూటర్ తెచ్చుకోవాలని నీకూ అనిపిస్తుంది. ఒక రాత్రి మా హాస్టల్లో ఒక అంతస్తు సగానికి పైగా నెట్ పోయింది. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తోంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌లో చిరునామా చూస్తే మేమిచ్చే వరుసకు బదులు 192.168తో మొదలవుతోంది. ఎవరో తమ రూటర్‌ను తెచ్చి, గోడ నుంచి వచ్చే తీగను బయటి నెట్ కోసం ఉన్న వ్యాన్ (WAN) రంధ్రంలో కాకుండా లోపలి పరికరాల కోసం ఉన్న లాన్ (LAN) రంధ్రంలో గుచ్చారని అర్థమైంది. అలా గుచ్చినప్పుడు ఆ చిన్న డబ్బా తానే అధికారి అన్నట్టు చుట్టుపక్కల అందరికీ చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. గదుల తీగలన్నీ కలిసే స్విచ్ డబ్బాలో ఒక్కొక్క తీగా పీకుతూ ఆ గది పట్టుకునేసరికి రాత్రి రెండయింది. యజమాని ముసుగుతన్ని నిద్రపోతున్నాడు. కోపం వచ్చిందిగానీ, కంప్యూటర్ కేంద్రాన్ని అడిగి పెట్టుకోవాలని వాడికి అంతకుముందు ఎవరూ చెప్పలేదు. నీకు నేను చెప్పాను.

అప్‌డేట్లను వాయిదా వేయకు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము 2017 మే 12న ప్రపంచమంతా పాకినప్పుడు, అది దూరిన కంతను పూడ్చే మందును మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసి ఉంది. పైగా అది ఏ లింకూ నొక్కనవసరం లేకుండా, ఒకే నెట్‌వర్కులోని పక్క యంత్రానికి తనంతట తానే వెళ్లేది. అంటే నువ్వు వాయిదా వేసినది పక్క గదివాడికీ చుట్టుకుంటుంది. క్యాంపస్ నెట్‌వర్కును విండోస్‌లో ‘పబ్లిక్’ అని గుర్తించి పెట్టుకో, అప్పుడు నీ యంత్రం పక్క యంత్రాలకు కనిపించదు. క్రాక్ సాఫ్ట్‌వేర్ (డబ్బు కట్టకుండా వాడేలా తాళం విరగ్గొట్టినది) విషయంలో ఒక్క మాట: దాన్ని ఇచ్చినవాడు ముందుగా యాంటీవైరస్ ఆపమంటాడు. ఆ మాట వినగానే నీకు అర్థం కావాలి.

ప్రాజెక్టు రిపోర్టు పోయిందని కన్నీళ్లతో వచ్చినవాళ్లలో చాలామంది, ‘డ్రైవ్‌లో ఉంది కదా సార్’ అన్నవాళ్లే. క్లౌడ్‌తో జతపడిన ఫోల్డరు అద్దం లాంటిది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది, ఇక్కడ పాడైతే అక్కడా పాడవుతుంది. పాత ప్రతి కొన్నాళ్లు దొరకవచ్చు, గడువు దాటితే దొరకదు. వారానికొకసారి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, తీగ పీకి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాక వేరే చోట పెట్టు. బ్యాగుతో సహా రెండూ పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. నెలకోసారి అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడు. ల్యాబ్‌లో వాడిన పెన్‌డ్రైవ్‌ను ఈ హార్డ్‌డిస్కు తగిలి ఉన్న సమయంలో ఎప్పుడూ పెట్టకు.

నీకు కుతూహలం ఎక్కువని నాకు తెలుసు కాబట్టి చివరగా ఇది రాస్తున్నాను. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న రాబర్ట్ మోరిస్ ఒక చిన్న ప్రోగ్రామును ఎంఐటీ యంత్రం నుంచి నెట్‌వర్కులోకి వదిలాడు. అది చేరిన యంత్రంలో తన ప్రతి ముందే ఉందని తెలిసినా ఏడింట ఒకసారి మళ్లీ తిష్ఠ వేసేలా రాశాడు. ఆ ఒక్క లెక్క తప్పడంతో వేల కంప్యూటర్లు ఊపిరాడక నిలిచిపోయాయి. దానికి మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా పడ్డాయి. అతను తరవాత ఎంఐటీలోనే ప్రొఫెసర్ అయ్యాడన్నది నిజమే, దాన్ని నాకు వాదనగా చూపించకు. ప్రయోగాలు చేయాలనిపిస్తే నీ ల్యాప్‌టాప్‌లోనే రెండు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) పెట్టుకుని వాటి మధ్య చేసుకో. కాలేజీ సైటులో లోపం కంటబడితే అక్కడే ఆగి, ఏం చూశావో కంప్యూటర్ కేంద్రానికి మెయిల్ రాయి. ఇంకెంత దూరం వెళ్లవచ్చో చూద్దామని లోపలికి అడుగు పెట్టకు.

బయలుదేరే ముందు రికవరీ కోడ్‌ల కాగితాన్ని మీ అమ్మ చేతికిచ్చి, ఇంటి కాగితాలతో కలిపి బీరువాలో పెట్టమను. ఫొటో తీసి ఫోన్లో దాచుకోవద్దు. ఆ కాగితంతో పని పడేది ఫోను పోయిన రోజునే.

ఇట్లు,
నీ మామయ్య