మీవాడి మొదటి అప్పు ఎప్పుడో మొదలైంది

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. చదువు లోను తప్ప వాడి పేరు మీద ఏ అప్పూ లేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు క్రెడిట్ స్కోరు కూడా చూస్తారని, ఇప్పటినుంచే పెంచుకోవాలని ఫ్రెండ్స్ చెప్పారట. క్రెడిట్ కార్డు కావాలని పట్టుబడుతున్నాడు. నా కార్డు మీదే యాడ్-ఆన్ కార్డు తీసిస్తే సరిపోతుందా? చేజేతులా అప్పు అలవాటు చేసినట్టవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అమ్మాయికి 15. తనకూ ఇప్పటినుంచే ఏమైనా చెయ్యాలా?

జవాబు: అమ్మా, మీరు కార్డు గురించి అడిగారు గానీ, నాకు మాత్రం ‘చదువు లోను తప్ప’ అన్న మాట దగ్గరే కళ్లు ఆగిపోయాయి. చదువు లోన్లు చాలావరకు విద్యార్థి పేరు మీదే ఉంటాయి. తల్లో తండ్రో పక్కన సంతకం పెడతారు. అంటే మీవాడి క్రెడిట్ చరిత్ర, అదే అప్పులు తీసుకుని ఎలా కట్టాడన్న లెక్క, కొత్తగా మొదలు పెట్టాల్సిన పనిలేదు, అది ఎప్పుడో మొదలైపోయి ఉంటుంది. అది మంచిగా నడుస్తుందా లేదా అన్నది మొదటి వాయిదా రోజు తేలుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి సంగతి చెబుతాను. చదువులో చురుకు. ఒక ఆర్థిక సంస్థలో ఆఫర్ వచ్చి, వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయింది. ఆ పిల్ల క్రెడిట్ రిపోర్టు తీయించి చూస్తే చదువు లోను వాయిదాలు వరసగా నాలుగు కట్టలేదని ఉంది. ఆ పిల్ల దగ్గర డబ్బు లేక కాదు. ఈఎంఐ కాలేజీ రోజుల్లో తెరిచిన ఖాతా నుంచి కట్ అయ్యేలా పెట్టారు. అప్పటికి చేస్తున్న చిన్న ఉద్యోగం జీతం వేరే ఖాతాలో పడేది. బ్యాంకు పంపిన మెసేజ్‌లన్నీ ఎప్పుడో పారేసిన పాత నంబరుకు పోయాయి. నాలుగు నెలలూ ఆ పిల్లకు విషయమే తెలియదు. పక్కన సంతకం పెట్టిన తండ్రి రిపోర్టులోనూ అదే మచ్చ పడింది.

కాబట్టి ముందు మీరూ మీ అబ్బాయీ కూర్చుని లోను కాగితాలు బయటికి తీయండి. కోర్సు అయ్యాక ఎన్ని నెలల గడువు ఉంది, మొదటి వాయిదా ఏ తేదీన, ఏ ఖాతా నుంచి కట్ అవుతుంది, బ్యాంకు దగ్గర ఎవరి ఫోన్ నంబరు ఉంది అన్నవి వాడి చేతే రాయించండి. చాలా లోన్లలో గడువు కాలంలో కూడా వడ్డీ లెక్క నడుస్తూనే ఉంటుంది. అదీ అడిగి తెలుసుకోండి.

ఫ్రెండ్స్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. బ్యాంకులు, ఆర్థిక సంస్థలు ఉద్యోగంలోకి తీసుకునే ముందు కొన్నిచోట్ల అభ్యర్థి అప్పుల చరిత్ర చూస్తాయి. మిగతా చాలా ఉద్యోగాల్లో ఎవరూ పట్టించుకోరు. స్కోరంటే ఆ చరిత్రకు వేసే మార్కు. అసలు స్కోరు లేకపోవడం వేరు, స్కోరు పాడై ఉండటం వేరు. 20 ఏళ్ల కుర్రాడికి స్కోరు లేదంటే ఎవరూ వింతగా చూడరు.

స్కోరు కొలతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మన దేశంలో సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు, అమెరికాలో వాడే ఫైకో స్కోరు 300 నుంచి 850 వరకు ఉంటుంది. లోపలి లెక్క మాత్రం దాదాపు ఒకేలా నడుస్తుంది. ఫైకో తన లెక్కను బయటపెట్టింది కాబట్టి అదే చెబుతాను: వేళకు కట్టారా లేదా అన్నదానికి 35 శాతం, బాకీ ఎంత ఉందన్నదానికి 30, చరిత్ర ఎంత పాతదన్నదానికి 15, కొత్త అప్పులకు 10, రకరకాల అప్పులున్నాయా అన్నదానికి 10. మీవాడు ఎంత తెలివైనవాడైనా ఆ 15 శాతాన్ని తొందరపెట్టలేడు, దానికి ఏళ్లు గడవాల్సిందే. మొదటి రెండూ మాత్రం పూర్తిగా వాడి చేతిలో ఉన్నవి.

ఇక యాడ్-ఆన్ కార్డు. దాని లావాదేవీలు మీ అబ్బాయి పేరు మీద కూడా క్రెడిట్ బ్యూరోకు, అంటే అందరి అప్పుల లెక్కలు రాసిపెట్టే సంస్థకు, పంపుతారా అని బ్యాంకును సూటిగా అడగండి. కొన్నిచోట్ల పంపుతారు, కొన్నిచోట్ల అంతా మీ ఖాతాలోకే పోతుంది. పంపని పక్షంలో వాడికి చేతిలో కార్డు ఉంటుంది గానీ పేరు మీద ఏమీ జమ కాదు. పైగా బిల్లు వచ్చేది మీకు. తేదీ గుర్తు పెట్టుకునే బాధ్యత వాడికి లేనప్పుడు వాడు నేర్చుకునేది ఖర్చు పెట్టడం ఒక్కటే.

నన్నడిగితే, డిపాజిట్ హామీగా పెట్టుకుని చిన్న లిమిట్‌తో ఇచ్చే కార్డు వాడి పేరు మీదే తీసుకోవడం మేలు. అదీ ఇప్పుడే కాదు, ఇంటర్న్‌షిప్పో పార్ట్‌టైమ్ పనో దొరికి సొంత డబ్బు కొంత వస్తున్నప్పుడు. నెలనెలా ఉండే ఖర్చు ఒక్కటి, ఫోన్ రీచార్జ్ లాంటిది, దాని మీద పెట్టి మొత్తం కట్టేస్తే చాలు. డెబిట్ కార్డు ఎంత వాడినా మామూలుగా స్కోరు రాదు, అందులో అప్పే లేదు కదా.

కార్డు వచ్చాక మొదటి స్టేట్‌మెంట్ మీరు దగ్గరుండి చదివించండి. అందులో రెండు అంకెలు ఉంటాయి: కట్టాల్సిన మొత్తం, కనీసం కట్టాల్సింది. పిల్లలు పడిపోయేది ఆ రెండో అంకె దగ్గరే. బాకీ 100 అనుకోండి, కనీసం 5 కట్టమన్నారు, వడ్డీ నెలకు 3 శాతం. ఆ 5లో 3 వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది 2. ఆ మీదట కొత్తగా ఏం కొన్నా సాధారణంగా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఈ లెక్క మీరు చెప్పకండి, కాగితం మీద వాడి చేతే వేయించండి. అలాగే లిమిట్‌లో 30 శాతం దాటి వాడకపోవడం మంచిది. బిల్లు పూర్తిగా కట్టేవాడికి కూడా, స్టేట్‌మెంట్ వచ్చిన రోజున ఉన్న బాకీయే సాధారణంగా బ్యూరోకు చేరుతుంది.

హాస్టల్లో జరిగే ఇంకో సంగతి. ‘నీ పేరు మీద ఫోన్ ఈఎంఐలో తీసుకో, నెలనెలా నేను ఇచ్చేస్తా’ అంటాడు రూమ్మేట్. మూడో నెల నుంచి ఆ రూమ్మేట్ ఫోన్ ఎత్తడు. ఇలా వచ్చినవాళ్లను నేను చాలామందినే చూశాను. అప్పు కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్లదే బాకీ, స్నేహం సంగతి బ్యూరోకు తెలియదు. ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ అనే యాప్‌లూ అంతే. ఒక్కో చిన్న కొనుగోలూ ఒక్కో లోనుగా రిపోర్టుకు ఎక్కే వీలుంది. నాలుగైదు చోట్ల ఒకేసారి దరఖాస్తు పెట్టినా స్కోరు కాస్త దెబ్బ తింటుంది. సొంత రిపోర్టు సొంతంగా చూసుకుంటే మాత్రం తగ్గదు, ఆ భయం అక్కర్లేదు. చాలాచోట్ల ఏడాదికి ఒక్కసారైనా ఉచితంగా ఇస్తారు.

అమ్మాయికి 15 అన్నారు. మైనర్ పేరు మీద అప్పులూ కార్డులూ వెతకొద్దు. ఇంట్లో కట్టాల్సిన బిల్లు ఒకటి, ఇంటర్నెట్‌దో కరెంటుదో, తనకు అప్పజెప్పండి. డబ్బు మీదే. తేదీ చూసుకోవడం, మీకు గుర్తుచేయడం, కట్టాక రసీదు దాచడం తన పని. ఒక నెల మరిచిపోయి ఇంటర్నెట్ ఆగిపోతే కంగారుపడి మీరు వెంటనే కట్టేయకండి, ఆ రోజు సాయంత్రం దాకా అలాగే ఉండనివ్వండి.

లోను కాగితాలు తిరగేసినప్పుడు మొదటి వాయిదా తేదీ అర్థం కాకపోయినా, ఖాతా పాతదని తేలినా, కోర్సు అయిపోయేదాకా ఆగకుండా మీ అబ్బాయినే బ్యాంకుకు పంపండి. మీరు వెంట వెళ్లకండి. వచ్చాక ఏం చెప్పారో నాకు రాయమనండి.