రిఫ్లెక్స్ ‘అసహజం’ అనవచ్చా?

సందేహం: అమ్మ నడుస్తూ తూలుతోందని విశాఖలో నరాల డాక్టరుకి చూపించాం. చిన్న సుత్తితో మోకాళ్ల కింద తట్టారు, అరికాళ్లు గీసి చూశారు. కుడికాలి రిఫ్లెక్స్‌లు (తట్టగానే మన ప్రమేయం లేకుండా కాలు కదలడం) ఎక్కువగా ఉన్నాయని, బొటనవేలు పైకి లేస్తోందని చెప్పి స్కాన్ రాశారు. ఊళ్లో ఉన్న పెదనాన్నకి ‘అమ్మ ప్రతీకార చర్యలు చురుగ్గా, అసహజంగా ఉన్నాయి’ అని మెసేజ్ పెట్టాను. ‘చురుగ్గా ఉంటే మంచిదే కదమ్మా’ అన్నారు. నేను రాసినదాంట్లో తప్పెక్కడుంది?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: ‘ప్రతీకారం’ తప్పు కాదమ్మా. సంస్కృతంలో దానికి ఎదురు చేయడమని అర్థం, చికిత్స అనే అర్థమూ ఉంది. మన సైన్సు పాఠాల్లోని ‘అసంకల్పిత ప్రతీకార చర్య’ అలా వచ్చిందే. అయితే ఇవాళ ప్రతీకారమనగానే పగే గుర్తొస్తుంది కాబట్టి, రాతలో ‘అసంకల్పిత ప్రతిచర్య’ మేలంటాను. ఇంట్లోవాళ్లకి చెప్పేటప్పుడు రిఫ్లెక్స్ చాలు.

పెదనాన్నగారిని తప్పుదారి పట్టించింది ‘చురుకు’. అది తెలుగులో మెచ్చుకోలు మాట. మోకాలిచిప్ప కింద తట్టగానే తొడ ముందు కండరం సాగుతుంది, ఆ కబురు వెన్నుపాముకి చేరి అక్కడి నుంచే తిరిగొస్తుంది, కాలు ఎగురుతుంది. ఇందులో మన సంకల్పమేమీ లేదు గానీ, పైనుంచి మెదడు అదుపు ఒకటి ఉంటుంది. మెదడు నుంచి వచ్చే ఆ దారి దెబ్బతింటే అదుపు తప్పి కాలు మరీ గట్టిగా ఎగురుతుంది. దాన్ని చురుకంటే ఎలా? ‘ఉండాల్సినదానికంటే ఎక్కువ’ అనాలి.

ఇక ‘అసహజం’. నేను గట్టిగా అభ్యంతరం చెప్పేది దీనికే. సహజమంటే పుట్టుకతో వచ్చింది. అరికాలి బయటి అంచు వెంట గీస్తే పెద్దవాళ్లకి బొటనవేలు కిందికి వంగుతుంది. అది పైకి లేస్తే మెదడులోనో వెన్నుపాములోనో లోపముందని 1896లో ఫ్రెంచి వైద్యుడు బాబిన్‌స్కీ చెప్పాడు. కానీ ఏడాదిలోపు పసిబిడ్డకి బొటనవేలు పైకి లేవడం మామూలే. అంటే మీ అమ్మగారిలో కనిపించింది, మాట ప్రకారం చూస్తే, పుట్టుకతో అందరికీ ఉండేదే! పసివాళ్లు ఉలిక్కిపడి చేతులు చాచడమూ అంతే, కొన్ని నెలలకి పోతుంది, పోవాలి కూడా. వయసుని బట్టి మారేదాన్ని సహజం, అసహజం అని విడదీయలేం. సాధారణం, అసాధారణం అనండి. ఇంకా తేలిగ్గా కావాలంటే మామూలు, మామూలు కాదు.

డాక్టర్లు రిఫ్లెక్స్‌లకి 0 నుంచి 4 వరకు అంకెలు వేస్తారు. మామూలుగా ఉండేది 2. రెండు కాళ్లకీ ఒకేలా ఉంటే 1 గానీ 3 గానీ కొందరికి మామూలే కావచ్చు. ఒక కాలికీ ఇంకో కాలికీ పొంతన లేకపోతేనే అనుమానం ఎక్కువ. దీనికి ఏ నిఘంటువూ వెతకక్కర్లేదు, జనం నోట్లో ఉన్న ‘తేడా’ ఉంది.

‘రిఫ్లెక్స్ లేదు’ అన్నా కాలు పనిచేయదని కాదు. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లలో మడమ వెనక తట్టినా స్పందన రాకపోవచ్చు, అయినా వాళ్లు నడుస్తూనే ఉంటారు.

పెదనాన్నగారికి ఇలా రాయండి: ‘అమ్మ కుడికాలి రిఫ్లెక్స్‌లు ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉన్నాయి. ఎడమకాలికీ దానికీ తేడా ఉంది. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తోంది, ఈ వయసులో అది మామూలు కాదు. కారణం తెలుసుకోవడానికి స్కాన్ తీయించమన్నారు.’